వడ్డీకి తెచ్చైనా దశమభాగం ఇవ్వాలా?

వందనాలు సిస్టర్. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీవారి ఉద్యోగం పోయి అయిదు నెలలైంది. అప్పటి నుంచి దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, సంఘానికి ఇవ్వలేకపోతున్నారు. మీ పాస్టర్ అయ్యగారేమో బైబిల్లో మలాకీ ప్రవక్త పుస్తకం మూడో అధ్యాయం తెరిచి, "దేవుని సొమ్ము దొంగిలిస్తున్నారు, ఇంటి మీద శాపం ఉంది, ఉద్యోగం రానిది అందుకే" అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. వడ్డీకి తెచ్చైనా 'విత్తనం' వేస్తే, అంటే కానుక ఇస్తే, నూరంతలు తిరిగొస్తుందని మీ అత్తగారు పట్టుబడుతున్నారు. బాబు ఫీజు ముందు కట్టాలా, దేవుని బాకీ ముందు తీర్చాలా అని మీ ప్రశ్న.

ఫీజు కట్టండి. వడ్డీకి తేవద్దు. ఎందుకో చెప్పడానికి కొంచెం ఎక్కువే రాయాల్సి వస్తుంది, ఓపికగా చదవండి.

నేను పాస్టర్ని కాను. పాతికేళ్లు సంఘ పెద్దగా ఉన్నాను, అందులో పదకొండేళ్లు ట్రెజరర్ని. పదో వంతు మందిరానికి తెమ్మనే మలాకీ 3:10 మీద నేనే ఎన్నోసార్లు, గట్టిగానే మాట్లాడాను. ఆదివారం ఆరాధన అయ్యాక కానుకలు లెక్కపెట్టే బల్ల దగ్గర ముగ్గురం కూర్చునేవాళ్లం. ఒకరు కవర్లు చింపేవారు, ఒకరు లెక్కపెట్టేవారు, నేను రిజిస్టర్లో ఎక్కించేవాణ్ణి. ఒకరోజు ఒక కవరు వెనక పెన్సిల్‌తో ఇలా రాసి ఉంది: "ఈ నెల సగమే. మిగతాది వచ్చే నెల తప్పకుండా ఇస్తాను. శాపం తగలకుండా ప్రార్థన చేయండి." ఎవరా అని చూస్తే, భర్త పోయి ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుకుంటున్న మనిషి. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. వచ్చిన సగం జమ వేసి, పక్క గడిలో 'బాకీ' అని రాశాను.

ఇంటికెళ్లాక ఆ మాట గుచ్చుకోవడం మొదలైంది. ఒక విధవరాలు ఎవరికి బాకీ? ఆ ప్రశ్న పట్టుకుని బైబిల్లో 'పదియవ భాగం' అన్న మాట ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా వరుసగా చదివాను. అప్పటిదాకా నేను చదివింది మలాకీలో మూడు వచనాలే. అవి కూడా అటూ ఇటూ ఏముందో చూడకుండా.

మొదట తెలిసింది ఏమిటంటే, మోషే ధర్మశాస్త్రంలో దశమభాగం డబ్బు కాదు. లేవీయకాండము 27లో అది భూమి పంట, చెట్ల పండ్లు, పశువులు. మందను కోల కింద నుంచి నడిపిస్తే పదోదిగా వచ్చిన జంతువు దేవునిది. తొమ్మిదే ఉన్నవాడి మందలో పదోది రాదు కదా. అప్పట్లో డబ్బు లేక ధాన్యం అడిగారనుకోకండి. అబ్రాహాము శారాను పాతిపెట్టడానికి నాలుగు వందల తులాల వెండి తూచి పొలం కొన్నాడు. అప్పటి ఆరాధన స్థలమైన ప్రత్యక్షపు గుడారానికి మనిషికి అర తులం వెండి అని నిర్గమకాండము 30లో ఉంది. వెండి చలామణిలో ఉన్నా దశమభాగం మాత్రం తినే వస్తువుల్లోనే అడిగారు. ఎందుకంటే అది తినడానికే. సంఖ్యాకాండము 18 ప్రకారం అది గుడారపు సేవ చేసే లేవీ గోత్రంవాళ్లకు, అంటే లేవీయులకు చేరాలి. మిగతా గోత్రాలకు భూమి పంచారు, లేవీయులకు పంచలేదు. భూమి లేనివాడికి భూమి ఉన్నవాడు పెట్టే తిండి అది. జీతం మీద పన్ను కోతకు ముందు లెక్కవేయాలా, తర్వాత లెక్కవేయాలా అని మనవాళ్లు వాదించుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. ఆ చట్టంలో జీతం మీద దశమభాగం అన్న మాటే లేదు.

ద్వితీయోపదేశకాండము 14 చదివినప్పుడైతే ఇన్నేళ్లూ నేను ఈ పుస్తకమే చదివానా అనిపించింది. అక్కడ దశమభాగాన్ని ఇచ్చినవాడే ఇంటివాళ్లతో కలిసి దేవుని సన్నిధిలో తినాలి. దారి దూరమైతే అమ్మి వెండి చేసుకుని, అక్కడికి వెళ్లాక తనకు ఇష్టమైనది కొనుక్కుని, తిని సంతోషించాలి. మూడో ఏడు వచ్చిన పంటలో పదో వంతు ఊరి గుమ్మంలో ఉంచాలి. లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు వచ్చి కడుపునిండా తినాలి. విధవరాలు ఆ బల్ల దగ్గర తినే మనిషి. మా రిజిస్టర్లో ఆవిడ బాకీదారు.

ఇక మలాకీకి వస్తాను. మిమ్మల్ని భయపెట్టింది ఆ అధ్యాయమే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి.

మన తెలుగు బైబిల్లో "మందిరపు నిధి" అని ఉంది. నిధి అనగానే మనకు డబ్బు పెట్టె కళ్లముందు కదులుతుంది. అదే వచనంలో దాని ముందున్న మాట "నా మందిరములో ఆహారముండునట్లు". ధాన్యం, ద్రాక్షారసం, నూనె నిలవ చేసే గదులవి. ఆ గదుల్లో ఏం జరిగిందో చూడాలంటే నెహెమ్యా 13 తీయండి. అదీ దాదాపు అదే కాలం. ఎల్యాషీబు అనే యాజకుడికి మందిరపు గదుల మీద పెత్తనం ఉంది. దశమభాగాలు పెట్టే ఒక పెద్ద గదిని ఖాళీ చేయించి, తన బంధువైన టోబీయాకు ఇచ్చేశాడు. ఈ టోబీయా యెరూషలేము గోడ కట్టనివ్వకుండా అడ్డుపడినవాళ్లలో ఒకడు. ఇంకోపక్క లేవీయులకు రావలసిన భాగాలు అందక, వాళ్లు మందిరం వదిలేసి పొలాలకు వెళ్లిపోయారు. అప్పటి యూదా అధికారి నెహెమ్యా తిరిగొచ్చి చూసి, టోబీయా సామానంతా బయట పారేయించాడు. పెద్దల్ని నిలదీశాడు. జనం మళ్లీ ధాన్యం తెచ్చారు. ఆ వెంటనే ఆయన చేసిన పని మన సంఘాల్లో ఎవరూ ప్రసంగించగా నేను వినలేదు. ఆ గదుల మీద షెలెమ్యా, సాదోకు, పెదాయా అనే ముగ్గురినీ, వాళ్లకు తోడుగా హానానునూ నియమించాడు. ఒకరు యాజకుడు, ఒకరు శాస్త్రి, ఒకరు లేవీయుడు. నమ్మకస్తులని పేరున్నవాళ్లు. వాళ్ల పని తమవాళ్లకు పంచిపెట్టడం. అంటే దశమభాగం తెమ్మన్న చోటే నలుగురి చేతుల్లో లెక్క కూడా ఉంది.

మలాకీ కూడా జనాన్ని తిట్టడానికి ముందు యాజకుల్నే తిట్టాడు. రెండో అధ్యాయం మొదలయ్యేదే "యాజకులారా" అని. సరే, జనాన్ని కూడా అన్నాడు, "ఈ జనులందరును" అని ఉంది, కాదనను. దొంగతనం అనే మాట వచ్చేది 3:8లో. దానికి మూడు వచనాల ముందు, 3:5లో, దేవుడు ఎవరి మీదికి తీర్పుకు వస్తానంటున్నాడో చూడండి. కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్లు, విధవరాళ్లనీ తండ్రిలేనివాళ్లనీ బాధపెట్టేవాళ్లు, పరదేశికి అన్యాయం చేసేవాళ్లు. అప్పుల్లో ఉన్న ఇంటికి వెళ్లి 3:8 చదివేవాడు 3:5 ఎందుకు వదిలేస్తాడు?

శాపం సంగతి. మలాకీలో శాపం ఉంది, నిజమే. అది ధర్మశాస్త్రం కింద ఒక జాతి చేసుకున్న నిబంధనలోది. క్రీస్తు మనల్ని ధర్మశాస్త్ర శాపం నుంచి విమోచించాడని అపొస్తలుడైన పౌలు రాసిన గలతీ 3:13 చెబుతుంది. విచిత్రం ఏమిటంటే, ధనం వస్తుందని బోధించేవాళ్లకు ఈ గలతీ 3:13, 14 మహా ఇష్టం. "శాపం పోయింది, అబ్రాహాము ఆశీర్వాదం మనదే, కాబట్టి ఐశ్వర్యం మనదే" అంటారు. అదే నోటితో, కానుక వేళకు మలాకీ శాపాన్ని మళ్లీ లేపుతారు. శాపం పోయినట్టా, ఉన్నట్టా? పైగా 14వ వచనంలో పౌలు ఆ ఆశీర్వాదం ఏమిటో చెప్పాడు, ఆత్మను గూర్చిన వాగ్దానం అని.

"అబ్రాహాము ధర్మశాస్త్రానికి ముందే ఇచ్చాడు కదా" అని మీ అయ్యగారు అనొచ్చు. ఇచ్చాడు. ఒక్కసారి, యుద్ధంలో దొరికిన కొల్లసొమ్ములో పదో వంతు. మిగతాదాన్ని, తన పనివాళ్లు తిన్నదీ తోడొచ్చినవాళ్ల వాటా తప్ప, సొదొమ రాజుకే వదిలేశాడు. "అబ్రామును నేనే ధనవంతుణ్ణి చేశాను" అని ఆ రాజు చెప్పుకునే వీలు లేకుండా నూలుపోగు కూడా తీసుకోనన్నాడు. ధనం వస్తుందని ఇచ్చినవాడి మాటలా అవి? ధర్మశాస్త్రానికి ముందున్నదల్లా మనకు ఆజ్ఞ అనుకుంటే సున్నతి, జంతుబలి కూడా ముందువే. యాకోబైతే "నాకు తిండి, బట్ట ఇచ్చి క్షేమంగా తిరిగి తీసుకొస్తే అప్పుడు ఇస్తాను" అని షరతు పెట్టాడు. అలా షరతు పెట్టే విశ్వాసిని మన సంఘంలో ఏమంటారో మీకు తెలుసు.

కొత్త నిబంధన దగ్గర తొందరగా వెళ్తాను, చెప్పాల్సింది తక్కువే. యేసు ప్రభువు దశమభాగం మాట ఎత్తింది పరిసయ్యుల్ని మందలిస్తూ. పుదీనాలో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కపెట్టి న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారన్నాడు. "వాటిని మానకూడదు" అని కూడా అన్నాడు, అవును. ధర్మశాస్త్రం కింద, మందిరం నిలిచి ఉండగా, యూదులతో అన్న మాట అది. అన్యజనుల మీద ఏ బరువు పెట్టాలా అని అపొస్తలుల కార్యములు 15లో అపొస్తలులు, పెద్దలు కూర్చుని తేల్చి, ఉత్తరం రాశారు. అందులో దశమభాగం లేదు. పౌలు కానుకల గురించి రెండు అధ్యాయాలు రాశాడు, 2 కొరింథీ 8, 9. అక్కడా పదో వంతు లేదు. ఉన్నది ఇది: బలవంతంగా కాకుండా ఎవరి హృదయంలో వాళ్లు నిశ్చయించుకున్నట్టు ఇవ్వాలి. 8:12 మీరు ప్రత్యేకంగా చదవండి. ఇవ్వడం మనిషికి ఉన్నదాన్ని బట్టే గాని లేనిదాన్ని బట్టి కాదు. వడ్డీకి తెచ్చేది 'లేనిది' కిందే వస్తుంది.

"కొంచెముగా విత్తువాడు కొంచెముగా పంట కోయును" అన్న వచనమూ అక్కడిదే. ఆ విత్తనం ఎవరి పొలంలో పడింది? యెరూషలేములో ఉన్న పేద విశ్వాసుల దగ్గరికి వెళ్లింది. అందులో పౌలుకు పైసా లేదు. అయినా జనం తప్పు పట్టకుండా ఉండాలని, సంఘాలు ఏర్పరచిన మనిషిని ఆ సొమ్ము వెంట పంపాడు (8:19-21). 'విత్తనం' బోధించేవాడు ఆ విత్తనం ఎప్పుడూ తన పొలంలోనే వేయమంటాడు. పక్కవీధిలో ఆకలితో ఉన్నవాడికి వేస్తే మొలవదా?

ఈ విత్తనం బోధ ఎంత కొత్తదో తెలిస్తే మీ అత్తగారు ఆశ్చర్యపోతారు. తొలి సంఘంలో ఇది లేదు. రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్, అప్పటి ఆదివారపు ఆరాధన ఎలా జరిగేదో రాస్తూ, కలిగినవాళ్లు తమకు తోచినంత ఇస్తారని, అది అనాథలకు, విధవరాళ్లకు, రోగులకు, ఖైదీలకు, పరదేశులకు వెళ్తుందని రాశాడు. కొద్దికాలానికి తెర్తుల్లియన్ అనే ఇంకో రచయిత కూడా బలవంతం లేదని, ఎవరి ఇష్టం వాళ్లదని రాశాడు. డిడాఖే అనే తొలినాటి బోధల పుస్తకం ఇంకా సూటిగా ఉంటుంది. ఆత్మలో ఉండి "నాకు డబ్బివ్వండి" అనే ప్రవక్త మాట వినొద్దు, లేనివాళ్లకు ఇవ్వమంటే మాత్రం అతన్ని తప్పు పట్టొద్దు అంటుంది. దశమభాగం ఇవ్వనివాళ్లను వెలివేస్తామని గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్సు) బిషప్పులు మాకోన్ సభలో నిర్ణయించింది 585లో. ఫ్రాంకుల రాజు షార్లమేన్ దాన్ని రాజ్యశాసనం చేసింది 779లో. ఫ్రాన్సులో విప్లవం వచ్చాక 1789లో పోయింది. అది పన్నుగా మారిన కథ, వేరే సంగతి.

ఇచ్చి ధనవంతులైపోయే బోధ మాత్రం అమెరికాలో పుట్టిన ఇరవయ్యో శతాబ్దపు సరుకు. ఇ. డబ్ల్యు. కెన్యన్ అనే బోధకుడి రాతల్లో మొదలైతే, కెనెత్ హేగిన్ అనే ఇంకో బోధకుడు దాన్ని ఊరూరా చేర్చాడు. నోటితో పలికితే అది కలుగుతుందనేది దాని మూలం. ఓరల్ రాబర్ట్స్ అనే అమెరికా బోధకుడు 1947లో 3 యోహాను 2వ వచనం మీద ఆగాడు. "నీవు అన్ని విషయములలోను వర్ధిల్లుచు" అన్నది ఉత్తరం మొదట్లో రాసే శుభాకాంక్ష. మనం 'క్షేమమని తలుస్తాను' అని రాసినట్టు. ఆయనకు అది వాగ్దానంగా కనిపించింది. 1970లో 'విత్తన విశ్వాసం' మీద పుస్తకమే రాశాడు. 1987లో గడువులోగా 80 లక్షల డాలర్లు పోగవకపోతే దేవుడు తనను తీసుకెళ్లిపోతాడని టీవీలో చెప్పాడు.

ఈ బోధ చేసినవాళ్లలోనే కొందరు వెనక్కి తగ్గారు. ఇది మీ అత్తగారికి నా మాట కన్నా బాగా ఎక్కుతుంది. అమెరికా టీవీ బోధకుడు జిమ్ బేకర్ మోసం కేసులో 1989లో శిక్షపడి జైలుకెళ్లాడు. అక్కడ బైబిల్ మొదటి నుంచి చివరిదాకా చదివాక తన బోధ తప్పని తెలిసిందని 1996లో పుస్తకం రాశాడు. పేరే 'నేను పొరబడ్డాను'. బెన్నీ హిన్ 2019లో, ఇవ్వడం ఒక జిమ్మిక్కుగా మారిపోయిందని, తన బోధ దిద్దుకుంటున్నానని అన్నాడు. ఆ తర్వాత ఆయన నడవడి మీద విమర్శలు ఆగలేదు, అది వేరు. క్రెఫ్లో డాలర్ అయితే 2015లో 6 కోట్ల 50 లక్షల డాలర్ల విమానం కోసం విశ్వాసుల్ని అడిగినవాడు. 2022లో దశమభాగం గురించి తాను ఏళ్ల తరబడి చెప్పింది సరికాదని వేదిక మీదే ఒప్పుకుని, దాని మీద తన పుస్తకాలు, వీడియోలు పారేయమన్నాడు. అది విని ఏళ్లపాటు భయపడుతూ ఇచ్చినవాళ్లను తలుచుకుంటే నాకు ఆ పెన్సిల్ రాతే గుర్తొస్తుంది.

పెంతెకొస్తు సంఘాలే దీన్ని ఖండించాయి కూడా. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ 1980లోనే నోటి ఒప్పుకోలు బోధ మీద హెచ్చరిక పత్రం ఇచ్చింది. అంటే ఇది ఒక డినామినేషన్ మీద ఇంకో డినామినేషన్ గొడవ అనుకోకండి.

ఈ బోధలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది దాని తర్కం. ఇస్తే, డబ్బొస్తే బోధ నిజమైంది, స్టేజీ మీద సాక్ష్యం చెప్పిస్తారు. ఇస్తే, రాకపోతే నీ విశ్వాసం చాలలేదు, ఏదో దాచావు, ఇంకొంచెం వేయి. ఇవ్వకపోతే శాపం. ఎటు తిరిగినా బోధకుడు ఓడిపోడు. సాక్ష్యం చెప్పడానికి వచ్చేవాడు నూటికి ఒకడు, మిగతా తొంభైతొమ్మిది మందికి మైకు ఇవ్వరు. పౌలు తన తోటివాడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో వదిలి వచ్చాడు. తిమోతికి తరచూ జబ్బు చేసేది. హెబ్రీ 11లో విశ్వాసవీరుల జాబితా చివర గొర్రెచర్మాలు కప్పుకుని గుహల్లో తిరిగినవాళ్లున్నారు. వాళ్లందరికీ దశమభాగం ఎగ్గొట్టినందుకే అలా జరిగిందా?

మీ బాబు ఫీజు దగ్గరికి వస్తాను. మార్కు 7 తీయండి. తల్లిదండ్రులకు పెట్టవలసింది "కొర్బాను, దేవార్పితం" అని పక్కన పెట్టేసి, ఇంటివాళ్లను గాలికి వదిలేసేవాళ్లను యేసు ఏమన్నాడు? మీ ఆచారంతో దేవుని వాక్యాన్ని నిరర్థకం చేస్తున్నారన్నాడు. ఇంటివాళ్ల బాగోగులు చూడనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని 1 తిమోతి 5:8 అంటుంది. ఫీజు కడితే మీరు దేవుని సొమ్ము వాడుకున్నట్టు కాదు.

ఇదంతా రాశానని కానుక ఇవ్వడమే మానేయమంటున్నానని అనుకోవద్దు. నేను ఈరోజుకీ ఇస్తున్నాను. మంచి రోజుల్లో పదో వంతు దాటే ఇచ్చాను, అది ఒక కొలతగా నాకు పనికొచ్చింది. సేవ చేసేవాడు సేవ మీద బతకొచ్చని పౌలే రాశాడు (1 కొరింథీ 9), తాను మాత్రం కొరింథీయుల దగ్గర తీసుకోలేదు. చిన్న సంఘాల్లో నెల గడవక ఇబ్బందిపడే అయ్యగార్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లను పట్టించుకోకపోవడమూ తప్పే. దశమభాగం అడిగే ప్రతి పాస్టరూ మోసగాడేం కాదు, నేనూ అడిగినవాణ్ణే. మీ అయ్యగారు కూడా తను విన్నదే మీకు చెప్పి ఉండొచ్చు.

కాబట్టి ముందు ఆయనతో మాట్లాడండి. మీవారు కూడా పక్కన ఉంటే మంచిది. గొడవ పెట్టుకోకుండా రెండు మూడు సంగతులు అడగండి. సంఘం లెక్కలు ఏడాదికొకసారి అందరి ముందు చదువుతారా? బ్యాంకు ఖాతాలో ఎంతమంది సంతకాలు ఉన్నాయి, వాళ్లంతా ఒకే ఇంటివాళ్లా? ఆయన జీతం ఎవరు నిర్ణయిస్తారు? వచ్చినదాంట్లో ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు ఎంత వెళ్తుంది? మంచి అయ్యగారైతే కూర్చోబెట్టి చెబుతారు, బహుశా మీ ఇంటికి ఏం కావాలో కూడా అడుగుతారు. "నేను అభిషేకించినవారిని ముట్టకుడి" అని వచనం ఎత్తారనుకోండి, అది కీర్తన 105లో అబ్రాహాము, ఇస్సాకుల్లాంటివాళ్లకు రాజులు హాని చేయకూడదని చెప్పిన మాట. లెక్క అడగొద్దని చెప్పిన మాట కాదు. దావీదు సౌలు మీద చెయ్యి వేయలేదు కానీ, అతని తప్పును అతని సైన్యం ఎదుటే నిలబడి చెప్పాడు.

అలా మాట్లాడినందుకు మీ పేరు పెట్టి ప్రసంగంలో శాపనార్థాలు పెడితే, అప్పుడు ఇంకో సంఘం చూసుకోవడం గురించి ఆలోచించండి. ఇప్పుడే తొందరపడొద్దు. మీ అత్తగారితో వాదన కూడా వద్దు. పెద్దావిడ భయంతో అంటున్నారు, కొడుకు మీద ప్రేమతో అంటున్నారు. సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నప్పుడు మలాకీ మూడో అధ్యాయం ఆవిడ చేతే, అయిదో వచనం నుంచి మొదలుపెట్టి, పైకి చదివించండి. ఆ తర్వాత నెహెమ్యా పదమూడు.

ఆ కవరు సంగతి చెప్పకుండా వదిలేశాను. మరుసటి ఆదివారం పెద్దలతో మాట్లాడి, ఆవిడ ఇచ్చిన ఆ సగమూ తిరిగి పట్టుకెళ్లాం. మొదట తీసుకోలేదు. "అయ్యో, తిరిగి తీసుకుంటే ఏమవుతుందో" అని గుమ్మంలోనే నిలబడిపోయింది. ద్వితీయోపదేశకాండము 14:29 చదివి వినిపించాల్సి వచ్చింది. రిజిస్టర్లో బాకీ గడిని ఆ ఏడాది చివర్లో తీసేశాం.